కన్నీరు అవిశ్వాసం కాదు

ప్రశ్న: మా ఆయనకు వారానికి 3 సార్లు డయాలసిస్. ఇళ్లలో పనిచేసి నెట్టుకొస్తున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్లు "పరలోకంలో ఏ బాధా ఉండదులే" అంటుంటే కోపం వస్తోంది. ఇది అవిశ్వాసమా?
– ఒక సోదరి, వ్యాసర్పాడి, చెన్నై

జవాబు: కాదు చెల్లీ. చనిపోయిన లాజరును తిరిగి బ్రతికించబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు (యోహాను 11:35). ఓదార్చేవాళ్లకే తొందర ఎక్కువ. "క్షణమాత్రముండు మా చులకని శ్రమ" అని రాసిన అపొస్తలుడు పౌలు సువార్త కోసం 5 సార్లు 39 దెబ్బలు తిన్నవాడు, 3 సార్లు ఓడ పగిలి సముద్రం పాలైనవాడు. తన ఒంటి మీది దెబ్బలు ఎరిగి అన్న మాట అది. దాన్ని మరొకరి మంచం పక్కన నిలబడి అనాలంటే నాకు భయం.

మా అమ్మ చివరి నెలలు పెరంబూరులో మా ఇంట్లోనే గడిపింది. మందుల చీటీ వెనుక పెన్సిలుతో ప్రకటన 21:4 రాసుకుని దిండు కింద పెట్టుకునేది. "ప్రతి బాష్పబిందువును తుడిచివేయును" అన్నచోట వేలు ఆనించి, "ఏడవనివాళ్లకు తుడిచేదేముందే?" అనేది. ఆ చీటీ ఇప్పటికీ నా బైబిల్లో ఉంది. నేను ఎదురుచూసే పరలోకం అదే, నా తండ్రి స్వయంగా చెయ్యి చాపి తుడిచే చోటు.

ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘంలో ఇద్దరిని అడగండి. డయాలసిస్ రోజున ఒకరు ఆయన పక్కన కూర్చోవాలి, ఒకరు మీ ఇంటికి అన్నం, చారు తేవాలి. సిగ్గుపడకండి, అడగండి.