ధ్రువ నక్షత్రం కనిపించని డాబాపై టెలిస్కోపు మౌంటును నిలపడం ఎలా?

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో ఒక అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఉంటున్నాను. ఇటీవల ఈక్వటోరియల్ మౌంటు (భూభ్రమణానికి తగ్గట్టు ఒకే అక్షంపై తిరుగుతూ నక్షత్రాలను వెంబడించే స్టాండు) ఉన్న టెలిస్కోపు కొన్నాను. మౌంటును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. కానీ మా డాబాకు ఉత్తరాన నీళ్ల ట్యాంకు, దాని వెనుక మరో భవనం అడ్డుగా ఉన్నాయి. ఫోనులోని దిక్సూచి ఒక్కో మూల ఒక్కో దిక్కు చూపిస్తోంది. సులువైన మార్గం ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉంది. అయితే మీకు ఎంత కచ్చితత్వం కావాలో ముందుగా తేల్చుకోండి. ఈ పనిలో చాలామంది తమ అవసరానికి మించి శ్రమపడుతున్నారు. మౌంటు అక్షం ఖగోళ ధ్రువానికి (భూమి అక్షం ఆకాశంలో గురిపెట్టే బిందువుకు) ఒక డిగ్రీ పక్కకు ఉన్నప్పుడు, మోటారు సరిగ్గా నడుస్తున్నా నక్షత్రం నిమిషానికి గరిష్ఠంగా 16 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) మేర పక్కకు జరుగుతుంది. ఐపీసులో (కన్ను ఆనించి చూసే కటకంలో) అర డిగ్రీ ఆకాశం కనిపిస్తుంటే, మధ్యలో ఉంచిన శని గ్రహం అంచుకు చేరడానికి దాదాపు గంట పడుతుంది. కాబట్టి కేవలం కంటితో చూసేవారు ఒక డిగ్రీ తేడా గురించి బెంగపడనక్కరలేదు.

ధ్రువం ఎత్తు మన అక్షాంశానికి సమానం గనుక ట్రైపాడ్‌ను మట్టంగా నిలిపి, మౌంటు వంపును 16.5 డిగ్రీలకు బిగించండి. వంపు ఇంత తక్కువగా ఉన్నప్పుడు కొన్ని మౌంట్లలో కౌంటర్‌వెయిట్ (టెలిస్కోపుకు సమతూకంగా పెట్టే బరువు) కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. టెలిస్కోపు ఎక్కించక ముందే ఒకసారి చుట్టూ తిప్పి చూసుకోవడం మంచిది.

ఇక అసలు చిక్కు ఉత్తర దిక్కుతోనే. శ్లాబులోని ఇనుప ఊచలు, మౌంటులోని ఉక్కు దిక్సూచిని తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి డాబా మీద దానిని నమ్మకండి. సూర్యుణ్ణి నమ్మండి. ప్రాచీన భారతీయ ఖగోళ గ్రంథాలు చెప్పిన శంకువు పద్ధతి మీ డాబాకు చక్కగా సరిపోతుంది. ఒక కడ్డీని తూకపు దారంతో సరిచూసి నిట్టనిలువుగా నిలబెట్టి, దాని మొదలే కేంద్రంగా నేలపై ఒక వృత్తం గీయండి. ఉదయం కుదించుకుపోతున్న నీడ కొన వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం పెరుగుతున్న నీడ కొన మళ్లీ తాకిన చోట మరో గుర్తు పెట్టండి. ఆ రెండింటినీ కలిపే గీత తూర్పు పడమరలను చూపుతుంది. దానికి లంబంగా గీసినది నిజమైన ఉత్తర దక్షిణ రేఖ. మిట్టమధ్యాహ్నపు నీడతోనూ ఇదే రేఖ వస్తుంది. కానీ విజయవాడలో సూర్యుడు నడినెత్తికి చేరే సమయం నవంబరు ఆరంభంలో 11.51, ఫిబ్రవరి మధ్యలో 12.22 అన్నట్టుగా మారుతూ ఉంటుంది. పైగా మే, ఆగస్టు మొదటి వారాల్లో ఆ నీడ దాదాపు మాయమవుతుంది. అందుకే నా సలహా వృత్తమే. వచ్చిన రేఖనూ, ట్రైపాడ్ కాళ్ల స్థానాలనూ పెయింటుతో గుర్తు పెట్టుకుంటే ఈ శ్రమ మళ్లీ ఉండదు.

ఫొటోలకు ఇది చాలదు. కెమెరా, కంప్యూటరు ఉంటే ‘నీనా’ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ‘త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్’ ప్లగిన్ వాడండి. అది ఆకాశంలో మీకు కనిపించే భాగాన్నే మూడు చోట్ల ఫొటో తీసి, అక్షం ఎటు ఎంత తప్పిందో లెక్కగట్టి చూపుతుంది. ధ్రువ నక్షత్రంతో దానికి పని లేదు. కంప్యూటరు లేనివారికి డ్రిఫ్ట్ పద్ధతి, అంటే నక్షత్రం పక్కకు జరిగే తీరును బట్టి అక్షాన్ని సరిచేసే పద్ధతి ఉంది. ఓరియన్ నడుములోని మింటాకా వంటి, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే రేఖకు) దగ్గరి నక్షత్రం ఉత్తర దక్షిణ రేఖపైకి వచ్చినప్పుడు దానిని అడ్డంగా, నిలువుగా గీతలున్న ఐపీసులో గమనించండి. అది దక్షిణానికి జరిగితే అక్షం తూర్పుకు, ఉత్తరానికి జరిగితే పడమరకు ఎక్కువగా తిరిగి ఉన్నట్టు. తర్వాత తూర్పున తక్కువ ఎత్తులో ఉన్న నక్షత్రాన్ని చూడండి. అది దక్షిణానికి జరిగితే అక్షాన్ని పైకి, ఉత్తరానికి జరిగితే కిందికి సవరించాలి. ఐపీసులో దిక్కులు తారుమారవుతాయి కాబట్టి టెలిస్కోపును కాస్త ఉత్తరానికి జరిపి చూడండి: నక్షత్రం కదిలిన వైపే దక్షిణం.

ప్రశ్న: మా ఇంటి నుంచి ధ్రువ నక్షత్రం కనిపిస్తుంది. దానిని పోలార్ స్కోపు (మౌంటు అక్షంలో ఉండే చిన్న దుర్భిణి) మధ్యలో ఉంచితే చాలదా? ఆపైన గోటూ అలైన్‌మెంట్ (కోరిన నక్షత్రం వైపు టెలిస్కోపు తానే తిరిగేలా చేసే అమరిక) ఎలాగూ చేస్తాను.
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చూడటానికి చాలు. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి సుమారు 0.6 డిగ్రీల దూరంలో, శర్మిష్ఠ (కాసియోపియా) రాశి వైపుకు ఉంటుంది. అందుచేత డిసెంబరు సాయంత్రాల్లో శర్మిష్ఠ పైన ఉన్నప్పుడు ధ్రువం నక్షత్రానికి కింద, మే నెలలో సప్తర్షి మండలం పైన ఉన్నప్పుడు నక్షత్రానికి పైన ఉంటుంది. అక్షాన్ని ఆ వైపుకు కాస్త జరిపితే తప్పు మరింత తగ్గుతుంది. గోటూ అలైన్‌మెంట్ మాత్రం టెలిస్కోపుకు నక్షత్రాల చోటు నేర్పుతుందే తప్ప అక్షాన్ని కదిలించదు. ఫొటోలు తీయాలనుకుంటే మౌంటు మరలు తిప్పి సరిచేయవలసిందే.