సొంత ఇనిట్ రాస్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు సొంతంగా ఇనిట్, అదే లినక్స్ లేవగానే మొదట నడిచి మిగతావాటిని నడిపించే ప్రోగ్రాం, రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. దానికి అదేమిటో తెలీదు కాబట్టి హాయిగా ఉంది. నాకు మాత్రం గర్వంతో పాటు టెన్షన్ పట్టుకుంది.

తమని పుట్టించిన తల్లి పోయిన ప్రాసెస్‌లన్నీ (నడుస్తున్న ప్రోగ్రాములు) నీ ఒళ్లోకే వస్తాయి. అవి పోయాక వెయిట్‌పిడ్ (ఏది పోయిందో అడిగి తెలుసుకునే కాల్) పిలవకపోతే జాంబీలుగా, అంటే చచ్చినా పట్టికలోంచి పోనివిగా, మిగిలిపోతాయి. పిల్ల పోయిందని చెప్పే సిగ్నల్, సిగ్‌చైల్డ్, ఒకటి వస్తే ఒక్కటే పోయిందనుకోకు, ఇంకేమీ లేవనేదాకా లూప్‌లో అడుగు. ఇవన్నీ నీకు తెలిసినవేలే.

నా నిర్వాకం విను. నేను రాసినప్పుడు ఏ సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రాం) పడిపోయినా ఆ క్షణమే లేపేలా పెట్టి, ఎంత తెలివైనవాణ్నో అనుకున్నాను. ఓ రాత్రి కాన్ఫిగ్ ఫైల్లో ఒక తప్పు లైను పడింది. సర్వీసు లేవడం, ఆ లైను చదవడం, కూలడం. నా ఇనిట్ మళ్లీ లేపడం. కూలిన ప్రతిసారీ కొత్త పేరుతో ఒక కోర్ డంప్, అంటే కూలినదాని మెమరీ నకలు ఫైలు. డిస్క్ నిండిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. లాగ్ రాయలేకపోతే ఎగ్జిట్ 1 (తప్పు జరిగిందని చెప్పి ముగిసిపో) అని రాసుకున్నాను, మామూలు ప్రోగ్రాముల అలవాటు కొద్దీ. పీఐడీ 1, అంటే మొదటి ప్రాసెస్ అయిన ఇనిట్, బయటికి పోతే కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) బతకనిస్తుందా? పానిక్, మెషీన్ మొత్తం ఆగిపోవడమే! 10 సెకన్లకి రీబూట్ అవ్వాలని పెట్టిందీ నేనే. లేస్తే అదే నిండిన డిస్క్, మళ్లీ పానిక్. తెల్లవార్లూ అదే తంతు.

స్క్రీన్ మీద 'అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్' అని ఉంటే, ఎవరు చంపారా అని రెండు గంటలు వెతికాను. పక్కనే ఎగ్జిట్‌కోడ్ 0x00000100 అని ఉంది. అది నా ఎగ్జిట్ 1 అని తట్టనే లేదు, మొద్దు బుర్ర.

అందుకే, లేపడానికి ఒక హద్దు పెట్టు. పాత సిస్‌వీ ఇనిట్ 2 నిమిషాల్లో 10 సార్లు పడినదాన్ని 5 నిమిషాలు పక్కన పెట్టేది. ఇప్పుడు ఎక్కువ లినక్స్‌లలో ఉండే ఇనిట్ సిస్టమ్‌డీ అయితే, మనం మార్చకపోతే, 10 సెకన్లలో 5 సార్లు మించి లేపదు. ఇదంతా పిరికితనం అనుకునేవాణ్ని ఆ రోజుల్లో. సిస్టమ్‌డీ తానే కూలినా కోర్ డంప్ రాసి, బయటికి పోకుండా అక్కడే బిగుసుకుపోతుంది. నడుస్తున్న సర్వీసులు నడుస్తూనే ఉంటాయి.

అసలు మెషీన్ మీద పెట్టావో, నా చేతిలో అయిపోతావ్! ముందు వర్చువల్ మెషీన్‌లో డిస్క్ నింపి చూడు. వేళకి పడుకో.

కోడ్ పంపు. ఎగ్జిట్ అన్న మాట ఎన్నిచోట్ల ఉందో ముందు నేను వెతకాలి.

మామయ్య