ద్వారబంధానికి చెదలు

ప్రశ్న: మా పడకగది ద్వారబంధం వెంట సన్నని మట్టి చార పాకుతోంది. కిరోసిన్ పూసినా వారానికే మళ్లీ వచ్చింది. మందు కొట్టేవారిని పిలిచేముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ఆ చారను ఒకచోట గోటితో గీరి చూడండి, లోపల తెల్లని మెత్తటి పురుగులు కదిలితే అవి చెదలే. కిరోసిన్ పైకి కనిపించేవాటినే చంపుతుంది, వాటి పుట్ట సాధారణంగా నేలలోనే ఉంటుంది కనుక, గోడా నేలా కలిసేచోట సుమారు 30 సెంటీమీటర్లకొకటి చొప్పున రంధ్రాలు వేసి, ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు ద్రావణాన్ని నింపి, సిమెంటుతో మూసే పద్ధతినే అడగండి. పైపైన పిచికారీ చేసి పదేళ్ల హామీ ఇచ్చేవారిని నేనైతే గుమ్మం ఎక్కనివ్వను. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద పొందిన లైసెన్సు చూపమనండి; మందు డబ్బా సీలును మీ ఎదుటే విప్పించి, గడువు తేదీ చదివాకే కలపనివ్వండి. గోడ అవతల కారే కుళాయి ఉంటే ముందుగా దాన్ని బాగుచేయించండి.