ఓవెన్ లేకుండా కుకీలు వస్తాయా అంటే...

"కుకీకీ బిస్కట్‌కీ తేడా ఏంటి, అసలు ఇవి ఎక్కడ పుట్టాయి, ఓవెన్ లేకుండా ఇంట్లో చేసుకోవచ్చా?" అని అడిగారు. చేసుకోవచ్చు. మిగతా రెండిటి సంగతి తర్వాత చెప్తాను. ముందు మా బిస్కట్ల డబ్బా కథ వినండి. ఈ విద్యలో నాకు తెలిసిందంతా అందులోంచి వచ్చిందే.

మాది నల్లగొండ. మా చిన్నప్పుడు బిస్కట్లు కొనడం తక్కువ, చేయించుకోవడం ఎక్కువ. ఎండాకాలం సెలవులిస్తే చాలు, మైదా, దంచిన చక్కెర, డాల్డా, ఖాళీ రేకు డబ్బా పట్టుకుని బేకరీ బట్టీకి పోయేవాళ్లం. కిలోకి ఇంతని కూలి. బట్టీ ఆయన పెద్ద పళ్లెంలో డాల్డా, చక్కెర వేసుకుని, తెల్లగా నురగలా అయ్యేదాకా అరచేత్తో రుద్దుతూనే ఉండేవాడు. పక్కన స్టూలు మీద కూర్చుని, మన పిండి మన రేకుల మీదికే పోతుందా లేదా అని కాపలా కాయడం నా డ్యూటీ.

1988లో నాకు పదేళ్లు. రంజాన్ నెల నడుస్తోంది, బట్టీ దగ్గర సందు లేదు. కట్టెల పొగ, దానికి తోడు బిస్కట్లు పొంగడానికి వేసే అమ్మోనియా ఘాటు. కళ్లు మండి బయటికొచ్చాను. పక్కన సైకిల్ షాపులో పంక్చర్ వేస్తున్నారు. ట్యూబును నీళ్లల్లో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తుంటే టైం తెలుస్తుందా? తిరిగొచ్చేసరికి డబ్బా కట్టి పెట్టారు. నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చా.

అమ్మ మూత తీసి వాసన చూసింది. "ఇవి మనయి కావు రా" అంది.

నిజమే. మావి ఎప్పుడూ చాయ్‌లో ముంచితే తప్ప లొంగేవి కావు. ఇవేమో మీద సన్నటి పగుళ్లతో, యాలకుల వాసనతో, వేలితో నొక్కితే రవ్వరవ్వగా రాలుతున్నాయి. "పోయి వాపస్ ఇచ్చి రా" అని అమ్మ అనేలోపు మా చెల్లె నాలుగు తినేసింది. నా లెక్క నేను చెప్పను.

బట్టీ ఆయన్ని అడిగి ఆ డబ్బావాళ్ల ఇల్లు కనుక్కుని, అమ్మా నేనూ డబ్బాతో బయల్దేరాం. ఆ ఇంట్లో ఖాలా (ఉర్దూలో పిన్ని అని) మమ్మల్ని చూడగానే నవ్వింది. "మీ బిస్కట్‌తోని మా పోరడు బాదంకాయ పగలగొట్టిండమ్మా" అంది. అమ్మ ముఖం మాడిపోయింది. అప్పుడామె చెప్పిన మాట ఇదీ: "గట్టిగయ్యేదాక బట్టీల ఉంచనియ్యొద్దు. ఏలు పెడితే దిగేటట్టు ఉన్నప్పుడే తీయమనాలె. బయట సల్లగయినంక అదే గట్టిపడ్తది." డాల్డా సగం తగ్గించి నెయ్యి వేయమంది, గుప్పెడు బొంబాయి రవ్వ కలపమంది. అమ్మ అక్కడ ఊఁ అనలేదు గానీ, మరుసటి ఏడు స్టూలు మీద నన్ను కూర్చోబెట్టలేదు, తనే కూర్చుంది.

కిటుకంతా అక్కడే ఉంది. వేడి మీద నెయ్యి, చక్కెర కరిగి ఉంటాయి కాబట్టి ఉడకనట్టే కనిపిస్తుంది. ఆరితే పేరుకుంటాయి. లోపల ఉండగానే గట్టిపడిందంటే పని అయిపోయినట్టే, చల్లారాక రాయి.

ఇక కొలతలు. యూట్యూబ్‌లో అందరూ కప్పులు చెప్తారు. ఏ కప్పు? మా ఇంట్లో చాయ్ కప్పులే మూడు సైజులు. కిరాణా కొట్టులో తూయించుకు రండి: మైదా 150 గ్రాములు, చక్కెర పొడి 75, నెయ్యి 100. రెండు చెంచాల బొంబాయి రవ్వ, చెంచా పెరుగు, చిటికెడు వంటసోడా, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకులు. నెయ్యి పేరుకుని ఉండాలి. మే నెలలో మా ఊళ్లో నెయ్యి నూనెలా పారుతుంది, అది ఎంత గిలకొట్టినా నురగ రాదు, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. నెయ్యి, చక్కెర తెల్లబడేదాకా గిలకొట్టి, మిగతావి కలిపి ఉండలు ఒత్తండి. చపాతీ పిండిలా పిసికితే గట్టిపడతాయి.

పాత మందపాటి బగోనలో అంగుళం ఎత్తు దొడ్డు ఉప్పు పోసి, మీద చిన్న స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు కాగనివ్వండి. పళ్లెంలో ఉండలు ఎడంగా పెట్టి, స్టాండు మీదికి దించి, మళ్లీ మూతేసి సన్న మంట మీద పదిహేను, ఇరవై నిమిషాలు. అంచు రంగు మారగానే తీసేయండి. ఓవెన్ ఉన్నవాళ్లు 170 డిగ్రీలు పెట్టుకోండి.

పుట్టుక సంగతి. బిస్కట్ అంటే లాటిన్‌లో రెండుసార్లు కాల్చింది అని. కుకీ డచ్చి మాట, చిన్న కేకు అని అర్థం. న్యూయార్క్ వైపు స్థిరపడిన డచ్చివాళ్ల నుంచి అమెరికాకు అంటుకుంది. అమెరికావాళ్లు కుకీ అన్నదాన్నే ఇంగ్లండ్‌లోనూ మన దగ్గరా బిస్కట్ అంటారు, పెద్ద తేడా ఏమీ లేదు. నన్నడిగితే, ఖాలా చేయించినవి నాన్‌ఖటాయి అనే నెయ్యి బిస్కట్‌కి తోబుట్టువులే. నాన్ అంటే పారసీలో రొట్టె. సూరత్‌లో డచ్చివాళ్ల కోసం నడిచిన బేకరీలో నాన్‌ఖటాయి మొదలైందని చెప్తారు. ఆ డచ్చివాళ్లే 1600ల్లో మచిలీపట్నంలో, మన ఖమ్మం వైపు నాగులవంచలో కూడా వ్యాపారం చేశారు. అంటే కుకీ మన గడప తొక్కి మూడొందల ఏళ్లు దాటినట్టే అని నా వాదన, ఎవరేమన్నా సరే.

చాక్లెట్ చిప్ కుకీని 1930ల్లో మసాచుసెట్స్‌లో రూత్ వేక్‌ఫీల్డ్ అనే ఆమె తయారుచేసింది. చాక్లెట్ కరుగుతుందనుకుంటే కరగలేదు, పొరపాటున పుట్టింది అని ఇప్పటికీ రాస్తారు. ఆమె గృహశాస్త్రం చదివి, భర్తతో కలిసి సొంత హోటల్ నడిపిన మనిషి. మగాడు చేస్తే ప్రయోగం, ఆడమనిషి చేస్తే పొరపాటా? నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో మంట మిల్లెట్ కుకీలు. జొన్న రొట్టె తిని పెరిగిన మా జిల్లావాళ్లకే జొన్న కుకీలని ప్యాకెట్ రెండు వందలకు అమ్ముతున్నారు. వెనక్కి తిప్పి చూడండి. ఏది ఎక్కువ బరువు వేశారో అదే ముందు రాయాలని రూలు. నేను కొన్నదాని మీద మొదటి పేరు మైదా, జొన్న నాలుగోది. ఇంట్లో చేసుకుంటే జొన్నపిండి, తైదల (రాగుల) పిండి ఏదైనా సగం వేసి, సగం గోధుమపిండి కలపండి. జొన్నలో సాగే గుణం లేదు, ఒక్కటే వేస్తే చేతిలోనే విరిగిపోతాయి. అట్లా విరిగిన ముక్కలు పారేయకండి, పాలల్లో వేసుకుంటే గిన్నె నాకాల్సిందే.