‘అమ్మా, నెక్స్ట్ ఏంటి?’ అని అడగకుండా చదవాలంటే

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. నేను పక్కన కూర్చుంటేనే పుస్తకం తెరుస్తాడు. వంటింట్లోకి వెళ్తే ఐదు నిమిషాలకోసారి ‘అమ్మా, నెక్స్ట్ ఏంటి?’ అంటాడు. లెక్కలకు ట్యూషన్ పెట్టాం. మార్కులు ఫర్వాలేదు గానీ వచ్చే ఏడాది టెన్త్. హాస్టల్లో వేస్తే వాడే దారిలో పడతాడని మావారి పట్టుదల. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు హాస్టల్ సంగతి. అక్కడ బెల్లు కొడితే లేవాలి, స్టడీ అవర్‌లో ఏ సబ్జెక్టు చదవాలో వార్డెనో సారో చెబుతారు. అంటే ఇప్పుడు మీరు చేస్తున్న పనే వాళ్లు చేస్తారు. బాబు దారిలో పడినట్టే కనిపిస్తాడు గానీ, ఆ బెల్లు లేని చోట మళ్లీ మొదటికే వస్తాడు. హాస్టల్‌కు పంపడానికి వేరే కారణాలుంటే పంపండి, ఈ కారణానికి మాత్రం వద్దు.

ఏం చదవాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, అర్థం కాకపోతే ఏం చేయాలి, రాసింది కరెక్టా కాదా అనే నాలుగూ ఇప్పుడు మీరే తేలుస్తున్నారు. వాటిని ఒక్కొక్కటిగా వాడి చేతికి అప్పగించాలి. ‘రేపటి నుంచి నువ్వే చదువుకో’ అని ఒక్కసారిగా లేచి వెళ్లిపోతే వారం తిరక్కుండానే మీరు మళ్లీ ఆ కుర్చీలో ఉంటారు.

అంతకంటే ముందు ఒక చిన్న పరీక్ష. సైన్స్ పుస్తకంలో ఇంకా చెప్పని పాఠం నుంచి ఒక పేరా పైకి చదివించి, అర్థం తెలుగులో చెప్పమనండి. చదవగలిగి కూడా చెప్పలేకపోతే, వాడికి అడ్డం పడుతున్నది బద్ధకం కాదు, ఇంగ్లీష్. అప్పుడు రోజుకు ఒక పేరా, అందులో తెలియని మాటలు ఐదారు, ఆ పని ముందు. చదవడానికే కూడబలుక్కుంటూ, అక్షరాలు తారుమారు చేస్తుంటే కళ్లు చూపించండి. కళ్లు బాగుంటే చదవడంలో ఇబ్బందులను పరీక్షించే సైకాలజిస్టును కలవండి.

ఆ రెండూ కాకపోతే, మొదట అప్పగించాల్సింది ‘రాకపోతే ఏం చేయాలి’ అన్నది. ఎక్కువ సతాయించేదీ, తొందరగా ఫలితం కనిపించేదీ అదే. మొదటి వారం అదే గదిలో ఉండండి, కానీ పక్కన కాదు, మీ పని మీరు చేసుకుంటూ. లెక్క రాలేదంటే పది నిమిషాలు పిలవకూడదని నియమం. ఆ పది నిమిషాల్లో ఇచ్చినవేంటి, కనుక్కోవాల్సిందేంటి అని రఫ్ నోటులో రాయాలి. పుస్తకంలో అలాంటిదే చేసి చూపించిన లెక్క వెతకాలి. దాన్ని ఒకసారి పూర్తిగా చదివి, మూసి, సొంతంగా చేయాలి. అప్పటికీ రాకపోతే పక్కన ప్రశ్న గుర్తు (?) పెట్టి తర్వాతి దానికి వెళ్లిపోవాలి. ఆ గుర్తులన్నీ మర్నాడు సార్ దగ్గరికి. ఈలోగా పిలిస్తే మీరు అనాల్సింది ఒక్కటే: ‘ఎంతవరకు వచ్చావో చూపించు.’ జవాబు మీ నోట రాకూడదు, గైడు వాడికి అందే దూరంలో ఉండకూడదు.

రెండోది, సరిచూసుకోవడం. ఐదు లెక్కలయ్యాక వెనక పేజీలో జవాబులు వాడే చూసుకోవాలి. తప్పు పక్కన ‘తెలియక’, ‘తొందరలో’, ‘ప్రశ్న సరిగా చదవక’ అని మూడింట్లో ఒకటి రాయాలి. ఉదాహరణకు, ఆగి ఉన్న కారు బయల్దేరి, గడిచే ప్రతి సెకనుకూ తన వేగాన్ని సెకనుకు 2 మీటర్ల చొప్పున పెంచుకుంటూ 5 సెకన్లు వెళ్తే ఎంత దూరం పోతుంది? చాలామంది పిల్లలు చివరి వేగం 10ని 5తో గుణించి 50 మీటర్లు అంటారు. వేగం సున్నా నుంచి 10కి పెరిగింది కాబట్టి సగటు 5, దూరం 25 మీటర్లే. ఇది ‘తెలియక’ రకం. ఇలాంటివి పది చేయిస్తే పోదు, పాఠం మళ్లీ చదవాలి. ‘తొందరలో’ రకానికి పాఠం అక్కర్లేదు, చివర్లో రెండు నిమిషాలు చాలు. ఈ తేడా వాడికి తెలిస్తే, ఏం చదవాలో కూడా సగం తెలిసినట్టే.

సోషల్, బయాలజీ లాంటివాటికి చదివే పద్ధతే మార్చాలి. పేజీ చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది ఏడెనిమిది నిమిషాలు రాయాలి. తర్వాత తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చాలి. అదే పేజీని మర్నాడు, మళ్లీ వారానికి. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు అమెరికాలో కాలేజీ విద్యార్థులపై ఇది పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్లకు 56 శాతం, చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంది. బట్టీ పట్టినప్పుడు వచ్చేసినట్టు అనిపించడం, మూసి రాస్తే ఏమీ రానట్టు అనిపించడం అందుకే. ‘ఇలా అయితే నాకేం రావట్లేదు’ అని బాబు విసుక్కుంటాడు, ముందే చెప్పి ఉంచండి.

ప్లాన్ వేసుకోవడం చివరికి వదలండి. పొద్దున ఐదింటి నుంచి రంగురంగుల టైంటేబుల్ గోడకంటిస్తారు గానీ, అది మూడో రోజుకే చెడుతుంది. రాత్రి పడుకునే ముందు రేపటికి మూడు పనులు చాలు, అవీ కొలిచేలా ఉండాలి. ‘మ్యాథ్స్ చదవాలి’ కాదు, ‘ఎక్సర్‌సైజులో ఆరు లెక్కలు’. పావుగంట అనుకున్నది ముప్పావు గంట పడితే తిట్టొద్దు, పట్టిన టైం పక్కన రాయమనండి. అంచనా అలాగే కుదురుతుంది.

మీవారికి ఒక మాట ముందే చెప్పాలి. వచ్చే ఎఫ్ఏలో (బడిలో మధ్యమధ్య పెట్టే ఫార్మేటివ్ పరీక్షలో) మార్కులు కాస్త తగ్గొచ్చు, ఇదివరకటి మార్కుల్లో కొంత మీ కష్టమూ ఉంది మరి. ఆరోజు ‘నేను చెప్పలేదా’ అని ఆయన అంటే ఇంతవరకు చేసింది పోతుంది. ఓ మూడు నెలలు హాస్టల్ మాట ఎత్తనని ఒప్పించండి. ఈలోగా ట్యూషన్ మానిపించొద్దు, రెండు ఆసరాలూ ఒకేసారి తీయకూడదు. సార్‌ను మాత్రం అడగండి, హోంవర్క్ అక్కడే చేయించడం ఆపి, ప్రశ్న గుర్తు పెట్టుకొచ్చినవే చెప్పమని.