14 మందికి సంక్రాంతి భోజనం: 62,000 ఈఎంఐ అవసరమా?

ప్రశ్న: మాది మియాపూర్‌లో సింగిల్ బెడ్‌రూమ్ అద్దె ఫ్లాట్. ఈసారి సంక్రాంతికి ఊరు వెళ్లడం కుదరక అత్తగారు, మామగారే తెనాలి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. పండగ రోజు నిజాంపేటలో ఉండే మరిది వాళ్లు, మావారి పెద్దమ్మ కుటుంబం కలిపి 14 మందికి భోజనం పెట్టాలి. మా వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. రెండు బర్నర్ల స్టవ్, చిన్న మిక్సీ, మావారి బ్యాచిలర్ రోజుల నాటి ఇండక్షన్ స్టవ్ ఉన్నాయి. నాలుగు బర్నర్ల స్టవ్ 9,500, వెట్ గ్రైండర్ 8,500, ఓవెన్ 14,000, డైనింగ్ టేబుల్ 22,000, పెద్ద గిన్నెలు, కుక్కర్ 8,000, మొత్తం 62,000 రూపాయలవి క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాం. లేదా 1,20,000 ఎఫ్‌డీలోంచి తీయమంటారా? నెలకు ఖర్చులు పోను 6,000 మిగులుతుంది. కేటరింగ్ అడిగితే ప్లేటు 350, కనీసం 25 ప్లేట్లు అన్నారు. ఏది మంచిది?

జవాబు: మీ లిస్టులో ముందు డైనింగ్ టేబుల్ కొట్టేయండి. సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ హాల్లో ఆరు కుర్చీల టేబుల్ వేస్తే పండగ తర్వాత 363 రోజులు దాన్ని తప్పించుకుంటూ నడవాలి. 14 మందిని రెండు బంతుల్లో కూర్చోబెట్టండి. చాపలు పరిచి, అరిటాకులు వేసి వడ్డిస్తే మీ మామగారు ఇంకా సంతోషిస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం దగ్గర్లోని టెంట్ హౌస్ నుంచి నాలుగు కుర్చీలు, ఒక మడత బల్ల అద్దెకు తెచ్చుకోండి. పెద్ద గుండిగలు, గరిటెలు, వడ్డన బకెట్లు కూడా వాళ్ల దగ్గరే దొరుకుతాయి. టేబుల్, గిన్నెలు కలిపి 30,000 అక్కడే తగ్గిపోయాయి.

ఓవెన్ ఎందుకు రాశారో నాకు అర్థం కాలేదు. బొబ్బట్లు, పులిహోర, గారెలు, గుమ్మడికాయ దప్పళం, పరమాన్నం... వీటిలో ఓవెన్‌లో చేసేది ఒక్కటీ లేదు. వేడి చేసుకోవడానికని అంటారేమో, దానికి 14,000 పెట్టక్కర్లేదు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు. వడ్డీ రేటు ఏడాదికి 15 శాతం అనుకుందాం. మీ నెల వాయిదా 5,167 అవుతుంది. అందులో ఏడాది మొత్తం మీద వడ్డీ భాగం 4,750 దాకా ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 855 రూపాయలు మీ జేబులోంచే పోతాయి. ప్రాసెసింగ్ ఫీజు వేరే. నగదు ఇస్తే షాపువాడు తగ్గించే వెయ్యో రెండు వేలో కూడా ఇక రావు.

అయితే నా అభ్యంతరం ఈ వెయ్యి రూపాయల గురించి కాదు. నెలకు మిగిలేది 6,000, వాయిదా 5,167. అంటే వచ్చే సంక్రాంతి దాకా మీ చేతిలో నెలకు 833 రూపాయలే. మధ్యలో ఎవరికైనా జ్వరం వచ్చినా, స్కూలు ఫీజు కట్టాల్సి వచ్చినా కార్డు బిల్లు పూర్తిగా కట్టలేరు. అప్పుడు మిగిలిన బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. అది ఏడాదికి 40 శాతం దగ్గరికి వెళ్తుంది.

ఎఫ్‌డీ జోలికి అసలు వెళ్లకండి. అది ఉద్యోగం పోయినా, ఆస్పత్రి పాలైనా ఆదుకోవాల్సిన డబ్బు. పండగ తేదీ మనకు ఏడాది ముందే తెలుసు. ముందే తెలిసిన ఖర్చు అత్యవసరం ఎలా అవుతుంది?

కేటరింగ్ సంగతి చూద్దాం. 25 ప్లేట్లకు 8,750, దాని మీద 5 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 9,190. తినేది 14 మంది కాబట్టి మనిషికి 656 పడుతుంది. అది ఒక్క పూటకే. పైగా అత్తగారు తొలిసారి మీ ఇంట్లో పండగ చేసుకుంటుంటే అట్టపెట్టెల్లో వచ్చిన భోజనం పెట్టడం మీకే నచ్చదు, అందుకేగా ఈ ఉత్తరం రాశారు.

మీ అసలు ఇబ్బంది సామాన్లు లేకపోవడం కాదు. చోటు, ఒకేసారి పడే పని. రెండు బర్నర్ల మీద పండగ ఉదయం ఐదు వంటలు ఎక్కించాలనుకోవడం వల్లే టెన్షన్. నాలుగు బర్నర్ల స్టవ్ తెస్తే ఉన్న గట్టు కాస్తా అదే ఆక్రమిస్తుంది, కూరలు తరగడానికి జాగా ఉండదు. కాబట్టి పనిని రోజుల మీద పరచండి. పులిహోరకు చింతపండు పులుసు మూడు రోజుల ముందే ఉడికించి సీసాలో పెట్టుకోవచ్చు. బొబ్బట్లకు పూర్ణం భోగి సాయంత్రమే చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పండగ ఉదయం ఒక బర్నర్ దప్పళానికి, ఒకటి గారెల మూకుడికి. ఆ ఇండక్షన్ స్టవ్‌ను హాల్లోకి తెచ్చి అన్నం, పరమాన్నం దాని మీద పెట్టేయండి. అది 2000 వాట్లదైతే ఏసీకి వాడే 16 ఆంప్ సాకెట్‌కే పెట్టాలి. గంటసేపు పూర్తిగా నడిచినా ఖర్చయ్యేది 2 యూనిట్ల కరెంటు. అయస్కాంతం అతుక్కునే అడుగున్న గిన్నె ఉండాలి, అంతే. డబ్బు పెట్టకుండా మూడో బర్నర్ వచ్చేసింది.

అరిసెలు మాత్రం ఆ వంటగదిలో మొదలుపెట్టకండి. పాకం ఒకరు చూసుకోవాలి, వత్తేవాళ్లు ఒకరు, వేయించి చెక్కలతో నొక్కేవాళ్లు ఇంకొకరు. మీ అత్తగారికి ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, ఇక్కడ మీలా కుదరదు, వచ్చేటప్పుడు అరిసెలు మీరే తెచ్చిపెట్టాలి" అనండి. బియ్యం, బెల్లం, నెయ్యి డబ్బులు మీవారితో పంపిస్తానని కూడా చెప్పండి, ఆవిడ వద్దన్నా సరే. జంతికలు, సున్నుండలు మీ దగ్గర్లోని స్వగృహ దుకాణంలో కొనండి. తోటికోడలిని ఏదైనా ఒక వంట చేసి తెమ్మనండి. ఖర్చులో వాటా అడిగితే మొహమాటం, వంటలో వాటా అడిగితే ఎవరూ కాదనరు. కనుమ భోజనం, నాటుకోడి పులుసుతో సహా, వాళ్లింట్లో పెట్టుకుంటే మీకు మరో పూట భారం దిగుతుంది.

నా అంచనా ఇది: సరుకులు, కూరగాయలు 6,000. అరిసెల సరుకు, కొన్న పిండివంటలు 1,800. తరగడానికి, గిన్నెలు తోమడానికి రెండు రోజులు మనిషి సాయం 1,600. టెంట్ హౌస్ అద్దె 1,200. ఆకులు, చిల్లర 400. మొత్తం 11,000. ధరలు మీ వీధిలో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. నవంబరు, డిసెంబరు జీతాల్లో మిగిలే 12,000తో ఇది సరిపోతుంది. పండగ మర్నాటి నుంచి మీ మీద ఒక్క రూపాయి బాకీ ఉండదు.

వెట్ గ్రైండర్ ఒక్కటి విడిగా ఆలోచించండి. వారం వారం ఇడ్లీ పిండి కొంటున్నట్లయితే అది తన ఖర్చు తానే తెచ్చుకుంటుంది, ఫిబ్రవరి, మార్చి మిగులుతో నగదు పెట్టి తీసుకోండి. ఈ పండక్కి మాత్రం గారెల పిండి రుబ్బి అమ్మే దుకాణంలో, గట్టిగా కావాలని ముందురోజే చెప్పి ఉంచండి. ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా నెలకు 1,000 చొప్పున పక్కన పెట్టుకుంటే వచ్చే సంక్రాంతి నాటికి 11,000 చేతిలో ఉంటుంది.

గ్యాస్ గురించి మీరు రాయలేదు. ఒకే సిలిండర్ ఉంటే డిసెంబరు చివర్లోనే రీఫిల్ బుక్ చేయండి. రెండోది తీసుకోవాలంటే 14.2 కిలోల సిలిండర్‌కు డిపాజిట్ 2022 జూన్ పెంపు ప్రకారం 2,200, గ్యాస్ ధర అదనం. కనెక్షన్ వదులుకున్నప్పుడు డిపాజిట్ తిరిగి వస్తుంది కాబట్టి రసీదు జాగ్రత్త చేయండి. కానీ ఆ ఇరుకు వంటగదిలో రెండో సిలిండర్ ఎక్కడ నిలబెడతారో చూసుకున్నాకే ఏజెన్సీకి వెళ్లండి.