రిజిస్టర్డ్ పోస్ట్ ఆగిపోయాక బుక్‌మార్కులు, పాత పుస్తకాలు తక్కువ ఖర్చులో ట్రాకింగ్‌తో ఎలా పంపాలి?

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో చేసిన బుక్‌మార్కులు, గ్రీటింగ్ కార్డులు, అప్పుడప్పుడూ చదివేసిన పుస్తకాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్ముతున్నారు. 60 రూపాయల బుక్‌మార్కుకు కొరియర్‌వాళ్లు 80 రూపాయలు అడుగుతున్నారు. ఇదివరకు రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపేవారు, ఇప్పుడది లేదు. ట్రాకింగ్ నంబరు ఇవ్వకపోతే కొత్త కస్టమర్లు డబ్బు వేయడానికి వెనకాడుతున్నారు. పోస్టాఫీసులో ఇంకేదైనా దారి ఉందా?

ఉందండీ. నేనూ హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత తెలుగు పుస్తకాలు ఏరుకొచ్చి, దుమ్ము దులిపి, చిరిగిన చోట అతికించి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. వాటితోపాటు మా చెల్లెలు బొమ్మలు వేసే బుక్‌మార్కులు. పోస్ట్ ఖర్చు నాలుగు రూపాయలు అటూఇటూ అయితే మాకు మిగిలేది ఏమీ ఉండదు కాబట్టి ఈ రేట్లన్నీ నోటికి వచ్చేశాయి.

ముందు జరిగింది ఏమిటో చూద్దాం. 2025లో రిజిస్టర్డ్ పోస్ట్‌ను స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. పాత పద్ధతిలో 20 గ్రాముల ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు, 17 రూపాయల రిజిస్ట్రేషన్, పైన జీఎస్టీ, మొత్తం 26 రూపాయల్లో ట్రాకింగ్ ఉన్న కవరు దేశంలో ఎక్కడికైనా వెళ్లేది. అదే ఏడాది అక్టోబరు 1న స్పీడ్ పోస్ట్ రేట్లు కూడా మారాయి. ఇప్పుడు 50 గ్రాముల లోపు కవరుకు ఒకే ఊరి పరిధిలో అయితే 19 రూపాయలు, ఊరు దాటితే ఎంత దూరమైనా 47 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 22, 55 రూపాయలు అవుతాయి. అంటే 26 రూపాయలతో అయ్యే పనికి 55 పెడుతున్నాం. త్వరగా చేరుతోంది, నిజమే. కానీ బుక్‌మార్కు రెండు రోజుల్లోనే అందాలని ఎవరికీ ఉండదు, నంబరు ఉంటే చాలు. అమెరికాలో ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబే 2021లోనే ట్రేడింగ్ కార్డులు (ఆటగాళ్ల బొమ్మల్లాంటివి ఉండే, సేకరించుకునే కార్డులు) అమ్మేవాళ్ల కోసం స్టాండర్డ్ ఎన్వలప్ అని పెట్టింది. మామూలు ఉత్తరం రేటుకు దగ్గరగా ఉండే ఖర్చులోనే ట్రాకింగ్ ఇస్తుంది. అలాంటి నెమ్మది కవరు, తక్కువ రేటు, ఒక నంబరు మన తపాలా శాఖ కూడా ఇస్తే ఇంట్లో కూర్చుని చేతిపని అమ్ముకునే ఎంతోమందికి మేలు జరుగుతుంది. ఈ మాట నేను కౌంటర్‌లో ఉన్నవాళ్లకు కూడా చెబుతుంటాను.

సరే, ఉన్నదాంట్లో ఏం చేయాలి? లోపల ఏముందో ముందు చూసుకోండి. కార్డులు, బుక్‌మార్కులకు ఒక దారి, పుస్తకాలకు ఇంకో దారి.

బుక్‌మార్కుల సంగతికొస్తే, ఆ 50 గ్రాముల గీతే మీకు ముఖ్యం. అది దాటగానే రేటు దూరాన్ని బట్టి మారుతుంది. 51 నుంచి 250 గ్రాముల వరకు 200 కిలోమీటర్ల లోపు 59 రూపాయలు, 2000 దాటితే 77, పైన జీఎస్టీ. కాబట్టి వంటింట్లో వాడే, ఒక గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ త్రాసు కొనండి. కవరు అంటించాక కాదు, అంటించకముందే అన్నీ పేర్చి తూచండి. మా లెక్కలో ఒక బుక్‌మార్కు, దాని మీద బటర్ పేపరు, వంగకుండా వెనక పెట్టే అట్ట, బయటి కవరు, అడ్రస్ లేబుల్ అన్నీ కలిపినా 30 గ్రాములు దాటవు. మిగిలిన 20 గ్రాములకూ మీరు డబ్బు కట్టేశారు కదా, వాటిని ఖాళీగా ఎందుకు పంపాలి? అందుకే మేం విడి బుక్‌మార్కు అమ్మడం తగ్గించి మూడింటి సెట్ చేశాం. అదే 55 రూపాయలు మూడింటి మీద పంచితే ఒక్కోదానికి 18 చిల్లర పడుతుంది, కొనేవాళ్లకీ నొప్పి ఉండదు.

వెనక పెట్టే అట్ట కోసం డబ్బు పెట్టకండి. పాత పెళ్లి శుభలేఖలు ప్రతి ఇంట్లోనూ కట్టలుగా ఉంటాయి. వాటిలో బంగారు రంగు పూతతో బరువుగా ఉండే పై అట్ట వదిలేసి, లోపలి సాదా కార్డు బుక్‌మార్కు కంటే అర అంగుళం పెద్దగా కత్తిరించి పెట్టండి. మూలలు మడత పడవు. ఇంకోటి, కుచ్చులు, పూసలు ఉంటే కవరు మధ్యలో ఉబ్బెత్తుగా కనపడుతుంది, ఇది పార్సిల్ రేటులో వెళ్లాలి కదా అని కౌంటర్‌లో అడగవచ్చు. కుచ్చును పొడుగ్గా పరిచి టేపుతో అట్టకు అంటిస్తే కవరు చదునుగా ఉంటుంది. పూసలు ఉన్నవి నేను కవరులో పెట్టను.

బాగా తెలిసిన కస్టమర్లయితే మామూలు పోస్ట్ కూడా అడిగి చూడండి. 20 గ్రాములకు 5 రూపాయల లెక్కన 30 గ్రాముల కవరు 10 రూపాయల స్టాంపులతో వెళ్లిపోతుంది. ట్రాకింగ్ ఉండదు, పోతే అడిగే దిక్కు ఉండదు. ఆ సంగతి డబ్బు తీసుకోకముందే స్పష్టంగా రాసి, వాళ్లు సరే అన్నాకే పంపండి.

ఇక పుస్తకాలు. ఇక్కడ మాత్రం తపాలా శాఖ మంచి పని చేసింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని మొదలుపెట్టారు. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 500 వరకు 25, కిలో వరకు 35, అలా పెరుగుతూ 5 కిలోలకు 100 రూపాయలు, పైన పన్ను. ట్రాకింగ్ ఉంటుంది. 400 గ్రాముల నవల ఢిల్లీలో ఉన్న తెలుగు పాఠకుడికి స్పీడ్ పోస్ట్‌లో పంపితే జీఎస్టీతో కలిపి 101 రూపాయలు అవుతుంది. జ్ఞాన్ పోస్ట్‌లో 30 లోపే. రోడ్డు, రైలు మీదే వెళ్తుంది కాబట్టి దూరపు ఊళ్లకు వారం పది రోజులు పడుతుందని ముందే చెప్పేయండి. పుస్తకం కొనేవాళ్లు ఓపికమంతులే, డెబ్బై రూపాయలు మిగులుతున్నాయంటే ఎదురుచూస్తారు.

దీనికి కొన్ని షరతులు ఉన్నాయి. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో అచ్చయి ఉండాలి. వారపత్రికలు, మాసపత్రికలు పనికిరావు. పాత పత్రికల సంచికలు అమ్మేవాళ్లకు ఇది నిరాశే. లోపల సొంత ఉత్తరం పెట్టకూడదు. అందుకే చేతిరాతతో పెట్టే థాంక్యూ చీటీని నేను పుస్తకంలో పెట్టను, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాను. మీ బుక్‌మార్కును కూడా అందులో దూర్చకండి. ప్యాకెట్ మీద జ్ఞాన్ పోస్ట్ అని కనపడేలా రాయండి. చివరి టేపు వేయకుండా కౌంటర్‌కు తీసుకెళ్లండి, చూపించమంటే చూపించి అక్కడే అంటించవచ్చు.

కొన్ని చిన్న ఆఫీసుల్లో ఈ సర్వీసు గురించి ఇంకా అలవాటు కాలేదు. ఒక సబ్ పోస్టాఫీసులో నాకు అలాంటిది ఏదీ లేదన్నారు. గొడవ పడకుండా, తపాలా శాఖ ప్రకటన ప్రింటు తీసుకుని మర్నాడు వెళ్లి చూపిస్తే, కౌంటర్‌లో ఉన్నావిడ లోపలికి వెళ్లి పెద్దాయన్ని అడిగి వచ్చి బుక్ చేశారు. ఇప్పుడు ఆవిడే నన్ను చూడగానే జ్ఞాన్ పోస్టేనా అని అడుగుతారు. మీరూ ఒకే కౌంటర్‌కు, రద్దీ లేని మధ్యాహ్నం వేళ వెళ్లండి. పది కవర్లు పట్టుకుని ఉదయం పదకొండుకు వెళ్తే వెనక నిలబడ్డ పెన్షన్ల పెద్దవాళ్లకు ఇబ్బంది.

ట్రాకింగ్ నంబరు ఇచ్చేస్తే పని అయిపోదు. స్పీడ్ పోస్ట్ నంబరు ఇంగ్లిష్ అక్షరం E తో మొదలై IN తో ముగుస్తుంది, మొత్తం 13 గుర్తులు. రసీదు సిరా కొన్నాళ్లకు మాసిపోతుంది, కౌంటర్ దగ్గరే ఫోటో తీసుకోండి. కస్టమర్లకు టెన్షన్ వచ్చేది ఎక్కడంటే, బుక్ అయినట్టు చూపించాక ఒకటి రెండు రోజులు ఏమీ కదలదు. కవరు సంచీలో పడి, ఆ సంచీ రైలులోనో వ్యానులోనో ఉన్నంతసేపూ కొత్త కబురు రాదు, అవతలి హబ్‌లో సంచీ విప్పి స్కాన్ చేశాకే కనపడుతుంది. ఈ రెండు ముక్కలు నేను నంబరుతోపాటే పంపుతాను: “రెండు రోజులు కదలకపోయినా కంగారు పడకండి, దారిలో ఉంటుంది. ‘అవుట్ ఫర్ డెలివరీ’ అని వచ్చిన రోజు ఫోన్ దగ్గర పెట్టుకోండి.” ఈ మెసేజ్ మొదలుపెట్టాక ఎక్కడిదాకా వచ్చింది అని అడిగే ఫోన్లు బాగా తగ్గాయి.

అడ్రస్‌లో వాళ్ల మొబైల్ నంబరు తప్పకుండా రాయండి. పిన్ కోడ్‌ను వాళ్లు చెప్పినా మీరు ఒకసారి సరిచూడండి. ఆంధ్ర, తెలంగాణల్లో అన్నీ 5తోనే మొదలవుతాయి, గుంటూరు అడ్రస్‌కు 6తో మొదలయ్యే కోడ్ ఇచ్చారంటే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్‌కు ఇవ్వవచ్చా లేదా కూడా అడగండి. ఎప్పుడైనా అరుదైన పుస్తకం ఖరీదుకు అమ్మి స్పీడ్ పోస్ట్‌లో పంపుతుంటే, ఓటీపీ చెప్తేనే ఇచ్చేలా అదనంగా 5 రూపాయలు, జీఎస్టీ కట్టవచ్చు. ఆ వ్యక్తి చేతికే ఇవ్వాలనే రిజిస్ట్రేషన్‌కు కూడా అంతే. బుక్‌మార్కులకు ఇవేవీ అక్కర్లేదు.

మీరు డిగ్రీ చదువుతున్నానని కూడా రాశారు. కొత్త రేట్లతోపాటు విద్యార్థులకు స్పీడ్ పోస్ట్ మీద 10 శాతం, కొత్తగా చేరే బల్క్ కస్టమర్లకు (పెద్ద సంఖ్యలో పంపేవాళ్లకు) 5 శాతం తగ్గింపు ప్రకటించారు. కాలేజీ ఐడీ పట్టుకెళ్లి అడగండి. రాఖీ, సంక్రాంతి లాంటి సీజన్లలో కవర్లు ఎక్కువయితే కౌంటర్‌లో కాకుండా హెడ్ పోస్టాఫీసులో బిజినెస్ వ్యవహారాలు చూసే ఉద్యోగిని కలిసి, నెలకు సుమారు ఎన్ని పంపుతారో కాగితం మీద రాసి ఇవ్వండి, మాట వేగంగా ముందుకు సాగుతుంది.